వసంత పంచమి నాడు రెండు వరుసలు

మా ఆయన పోయిన ఏడో నెలలో వసంత పంచమి వచ్చింది. ఆ రోజు మా బడిలో అక్షరాభ్యాసాలు చేస్తారు. జూన్‌లో ఎల్‌కేజీలో చేరబోయే పిల్లలను తల్లిదండ్రులు తీసుకొస్తారు. పంతులు పూజ చేశాక టీచర్ ఒక్కొక్కరి చేయి పట్టుకుని బియ్యంలో, తర్వాత పలక మీద మొదటి అక్షరాలు రాయిస్తుంది. ఇరవై రెండేళ్లుగా నేను ఆ పని చేస్తున్నాను.

మా బడి నాంపల్లిలో ఒక సందులో ఉంది. కింద ప్లాస్టిక్ సామాన్ల దుకాణం, బ్యాగులు కుట్టే దుకాణం. పైన రెండంతస్తులు మావి. ఆటస్థలం లేదు. ప్రార్థన, ఆటలు, పంద్రాగస్టు అన్నీ డాబా మీదే. పిల్లల్లో కొందరు అబిడ్స్‌లో దుకాణాలున్న పాత కుటుంబాల వాళ్లు. కొందరి తండ్రులు గన్‌ఫౌండ్రీ ఆఫీసుల్లో గుమాస్తాలు. ఎక్కువ మంది మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెల నుంచి వచ్చి ఆటోలు నడిపేవాళ్ల పిల్లలు, దవాఖానల్లో ఆయాలుగా పనిచేసేవాళ్ల పిల్లలు.

మా బడికి ఒక పద్ధతి ఉంది. ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు. అక్షరాభ్యాసం నాడు రెండు పీటలు వేస్తారు. ఒక్కో పీట దగ్గర ఒక్కో టీచర్. తల్లిదండ్రులు తమకు నచ్చిన వరుసలో నిలబడతారు. ఎవరి చేత్తో పిల్లవాడు రాస్తే జూన్‌లో వాడు ఆ టీచర్ సెక్షన్‌లో కూర్చుంటాడు. డాక్టరుకు చూసినట్టే మా దగ్గర టీచరుకూ హస్తవాసి చూస్తారు. పిల్ల రాత కుదిరితే ఆ టీచర్ చేయి మంచిదంటారు. కుదరకపోతే పిల్ల మొండిదంటారు. ఆ విషయంలో టీచర్లకు కొంత న్యాయం జరుగుతుంది.

అంతకు ముందు జూన్‌లో ఒక కొత్త టీచర్ వచ్చింది. ఆమె ట్రాన్స్‌జెండర్ స్త్రీ. నల్లగొండ వైపు ఊరు. బీఎడ్ చదివింది. మూడో తరగతికి లెక్కలు చెప్పే టీచర్ కాన్పుకు వెళితే, ఆమె వచ్చేదాకా ఒక ఏడాదికని మా కరస్పాండెంట్ గారు తీసుకున్నారు. కరస్పాండెంట్ అంటే మా బడికి యజమాని. ఆయన ఆదర్శం కోసం ఈ పని చేశాడని నేను అనను. బడులు తెరిచాక లెక్కలు చెప్పేవాళ్లు దొరకరు. ఆమె ఒక పాఠం చెప్పి చూపించింది, ఆయనకు నచ్చింది, అంతే. అయితే చేర్చుకున్న తర్వాత వెనక్కి తగ్గలేదు. అది కూడా చెప్పాలి.

మొదటి నెలలోనే ఒక గుమాస్తా తండ్రి తెల్లకాగితం మీద చక్కటి దస్తూరీతో అర్జీ పెట్టాడు. టీచర్ మీద తనకు ఏ ద్వేషమూ లేదనీ, అమ్మాయి ఇంటికొచ్చి అడిగే ప్రశ్నలకు తమ దగ్గర జవాబులు లేవనీ, వేరే సెక్షన్‌కు మార్చమనీ రాశాడు. మూడో తరగతికి వేరే సెక్షన్ లేదు. అమ్మాయి అక్కడే చదివింది. క్వార్టర్లీలో లెక్కల మార్కులు పెరిగాయి. మార్కులు పెరిగితే మనసు మారుతుందని నేను అనుకున్నాను. మారలేదు. ఆయన ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, టీచర్ వైపు చూడకుండా వెళ్లేవాడు.

దవాఖానలో ఆయాగా చేసే ఒక తల్లి పెద్దకొడుకు అదే తరగతి. ఆమె నాతో అన్నది: "మా దిక్కు ఎల్లమ్మ గుడి కాడ గిట్లాంటోళ్లే ముందట బోనమెత్తుతరు మేడం. వాళ్లు తిట్టినా మంచిదే అంటరు. గీమె అయితే తిడుత కూడ లేదు." కొడుకు ఎక్కాలు రాకపోతే నాలుగు తగిలించని టీచర్ మీద ఆమెకు అదొక్కటే ఫిర్యాదు.

అబిడ్స్‌లో మూడు తరాలుగా చీరల దుకాణం ఉన్న ఇంటి పెద్దావిడ ఇంకో రకం. వాళ్ల ఇంట్లో బిడ్డ పుట్టినా, దుకాణంలో కొత్త కౌంటర్ తెరిచినా హిజ్రాలను పిలిచి ఆశీర్వాదం తీసుకోవడం ఆనవాయితీ. ఆమె బడి గేటు దగ్గర ఈ టీచర్ కనిపించినప్పుడల్లా కొంగు తల మీదికి లాక్కుని దండం పెట్టేది. మిగతా టీచర్లకు పెట్టేది కాదు. మేము నవ్వుకునేవాళ్లం. టీచర్ నవ్వేది కాదు.

ఆషాఢంలో మా ఆయన పోయాడు. పదకొండో రోజు కార్యం అయ్యాక, మరో నాలుగు రోజులాగి బడికి వెళ్లాను. స్టాఫ్ రూమ్‌లో నన్ను చూసి మాటలు ఆపేవారు. అది దయే, నాకు తెలుసు. కానీ ఆయన గురించి ఎవరూ ఏమీ అడగకపోవడంతో ఆయన ఇంకోసారి పోయినట్టు ఉండేది. ఒక మధ్యాహ్నం కొత్త టీచర్ తన డబ్బా నా పక్కన పెట్టుకుని కూర్చుని, సార్ ఏం చదివేవారని అడిగింది. చెప్పాను. బ్యాంకులో గుమాస్తా. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్టలు పోయిన పుస్తకాలు ఏరుకునేవాడు. రైళ్ల గురించి, చెట్ల గురించి, పాత కోర్టు కేసుల గురించి. కథలు చదివేవాడు కాదు. వాటిలో విశేషణాలు ఎక్కువ అనేవాడు. ఆమె నవ్వింది. ఆ రోజు నేను మామూలుగా అన్నం తిన్నాను. తర్వాత ఆదివారాలు కొన్నిసార్లు ఇద్దరం కలిసి అబిడ్స్ వెళ్లేవాళ్లం.

జనవరిలో కరస్పాండెంట్ గారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. ఎల్‌కేజీ రెండో సెక్షన్ టీచర్ భర్తకు బదిలీ అయి వెళ్లిపోతోంది. మూడో తరగతి లెక్కల టీచర్ జూన్‌లో తిరిగొస్తుంది. కాబట్టి కొత్త టీచర్‌ను ఉంచాలంటే ఎల్‌కేజీ రెండో సెక్షన్ ఒక్కటే దారి. పంచమి నాడు రెండో పీట ఆమెకిస్తామని, ఆమె ముందు పదిమంది పిల్లలు కూర్చుంటే సెక్షన్ ఆమెదని, లేకపోతే ఏప్రిల్‌తో సరి అని ఆమెకు చెప్పేశారట. ఆ మాట చెప్పాక ఆయన టేబుల్ మీద కాగితాలు సర్దడం మొదలుపెట్టారు. ఈ ఏడు నేను పీట మీద కూర్చోకుండా ఆఫీసులో పేర్లు రాసుకోవాలని, నా చోట యూకేజీ టీచర్ కూర్చుంటుందని అన్నారు.

"ఏడాది మైల ఉంటది గద మేడం. నాకేం లేదు. జనం ఒక తీరు ఉండరు."

సరే అన్నాను. నాకు కోపం కూడా రాలేదు. అప్పటికే పెళ్లిళ్లలో నేను వెనక వరుసలోకి జరిగి కూర్చుంటున్నాను. ఎవరూ జరగమనలేదు.

పంచమికి వారం ముందు రెండో పీట ఎవరిదో బయటికి తెలిసింది. ఆరేడుగురు తల్లిదండ్రులు కరస్పాండెంట్ గారిని కలిశారు. మర్నాడు ఆయన నన్ను మళ్లీ పిలిచారు. ఈసారి కుర్చీ లాగి కూర్చోమన్నారు.

"మీరే కూసోవాలె మేడం. వాళ్లే అంటున్నరు, పాత మేడం అయితే ఫికర్ లేదు, సరస్వతి ముందర మైలేందని. యూకేజీ మేడం కూడ వద్దు. ఒక్కటే పీట ఏద్దాం. ఎంతమంది వస్తే అంతమంది మీకే."

ఆలోచించి చెప్తానన్నాను. నిజానికి ఆలోచించేది ఏమీ లేదనిపించింది. ఇంటికి వెళ్లి బీరువా తెరిచి, ఏడు నెలలుగా ముట్టుకోని చీరల్లోంచి ఒక లేత పసుపు చీర తీసి మంచం మీద పరచుకుని చూశాను. సంతోషంగా ఉంది. ఈ సంతోషాన్ని దాచి రాస్తే ఈ రాత అబద్ధం అవుతుంది. చీర మళ్లీ మడత పెడుతుంటే మిగతాది తట్టింది. వారం కింద నా చేయి పనికి రాలేదు. ఇప్పుడు పనికొస్తోంది. ఈ మధ్యలో నా చేతికి జరిగిందేమీ లేదు. పక్కన కొత్త టీచర్‌ను పెట్టి చూశారు, నేను నయమనిపించాను. ఒక్క పీట వేస్తే ఆమెకు పదిమంది కాదు, ఒక్కరు కూడా రారు.

ఆదివారం ఆమె అబిడ్స్‌లో కనిపించింది. మూసి ఉన్న ఒక చెప్పుల దుకాణం ముందు బొమ్మల పుస్తకాల కుప్ప దగ్గర కూర్చుని, అక్షరాలు పెద్దగా ఉన్నవి ఏరుతోంది. మూడో తరగతి నుంచి ఎల్‌కేజీకి తయారవుతోంది. నేను నిలబడే చెప్పాను, కరస్పాండెంట్ గారు ఏమన్నారో. చీర సంగతి చెప్పలేదు.

ఆమె చేతిలోని పుస్తకంలో చిరిగిన పేజీలు ఎన్ని ఉన్నాయో చూసి పక్కన పెట్టింది.

"ఒకలు నా చెయ్యి వడితే పిల్లలకు మంచిదంటరు. ఒకలు నా చెయ్యి తగలొద్దంటరు. పలక మీద అ ఎట్ల రాయిపిస్తనో ఒక్కలు కూడ అడుగుత లేరు మేడం."

నేను కూర్చోనని చెప్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మీరు కూసోకుంటే వాళ్లొచ్చి నా ముందట నిలవడతరా ఏంది? మీరు కూసోండ్రి. కని నా పీట తియ్యొద్దని చెప్పున్రి. ఎవ్వలు రాకుంటే రాకపోయిరి. ఖాళీ పీట ముందర కూసోను నాకేం సిగ్గు లేదు."

తర్వాత పుస్తకాలతనితో బేరం మొదలుపెట్టింది. గట్టిగానే బేరమాడింది.

సోమవారం కరస్పాండెంట్ గారితో, రెండు పీటలుంటేనే నేను కూర్చుంటానని చెప్పాను. పీట వేయడానికి ఏముంది, ఆమె ముందు ఎవరూ నిలబడకపోతే మాత్రం తనను అనొద్దని అన్నారు.

పంచమి నాడు డాబా మీద షామియానా వేశారు. పూజ అయ్యేసరికి నా వరుస మెట్ల దాకా ఉంది. ఆమె తెల్లచీర కట్టుకుని, ముందు బియ్యం పళ్లెం, పసుపు కొమ్ము, పలక పెట్టుకుని కూర్చుంది. అరగంట దాకా ఆమె ముందు ఎవరూ లేరు. నేను పిల్లల చేతులు పట్టి రాయిస్తూనే ఉన్నాను. వరుసలోని వాళ్లు ఆమె వైపు చూడకుండా ఉండడానికి నా వైపు చూస్తున్నారు. అంతమంది ఒకేసారి నన్ను అంత శ్రద్ధగా చూడడం అదే మొదటిసారి.

అప్పుడు చీరల దుకాణం పెద్దావిడ మనవణ్ణి ఎత్తుకుని నేరుగా ఆమె ముందుకు వెళ్లింది. వెనకాల కోడలి చేతిలో పళ్లెం. అందులో చీర, కొబ్బరికాయ, ఆకువక్క. వరుసలో కదలిక వచ్చింది. మా సందులో ఆ కుటుంబం మాటకు విలువ ఉంది. ఆమె చేయించుకుంటే ఇంకో పది దుకాణాల వాళ్లు చేయించుకుంటారు. కరస్పాండెంట్ గారి ముఖం తేటపడింది. నాకూ ఊపిరాడింది.

పెద్దావిడ మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోలేదు. నిలబెట్టి, వాడి తల ముందుకు వంచింది. ముందు దిష్టి తీసి, తలమీద చేయిపెట్టి దీవించమనీ, రూపాయి బిళ్ల నోటికి తాకించి ఇస్తే పిల్లవాడి తలగడ కింద పెట్టుకుంటామనీ అడిగింది. ఆమె గొంతులో నిజమైన భక్తి ఉంది. వెక్కిరింపు లేదు. అందుకే అక్కడ ఎవరికీ నవ్వు రాలేదు.

టీచర్ చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మమ్మా, దీవెనలు పంతులుగారు ఇస్తరు. నేను టీచర్‌ని. బాబును ఒళ్లె కూసోవెట్టుకో, రాయిపిస్త."

"గట్లంటవేంది తల్లీ. మీ నోటి మాట ఊరికె పోదు. మా అత్తగారి కాలం నుంచి మాకిది ఉన్నదే."

"ఉండనీ అమ్మమ్మా. నా తాన లేదు."

పెద్దావిడ నా వరుస వైపు తిరిగింది. నా నుదురు చూసింది. ఈ వరుసకూ రాలేదు. చివరికి మనవణ్ణి పంతులు దగ్గరికి తీసుకెళ్లి రాయించుకుని, పళ్లెం తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. కరస్పాండెంట్ గారు ఆమె వెనకే కింది దాకా వెళ్లారు. ఆ పిల్లవాడు మా బడిలో చేరలేదు. హిమాయత్‌నగర్‌లో వేరే బడికి వెళుతున్నాడని తర్వాత విన్నాను.

ఆ తలమీద చేయి పెడితే ఏం పోయేదని నాకూ ఒక క్షణం అనిపించింది. పదిమంది వచ్చేవారు కదా. కానీ ఆ పదిమంది కూడా ఆమె చేతికోసమే వచ్చేవారు. జూన్‌లో ఎవరికైనా జ్వరం వస్తే, పరీక్షలో మార్కులు తగ్గితే, ఆ చేయి పనిచేయలేదని వెళ్లిపోయేవారు. ఇదంతా నాకు ఇంటికి వెళ్లాక తోచింది. ఆమెకు అక్కడే, అంతమంది ముందే తోచింది.

నా వరుస మధ్యలో నుంచి దవాఖాన ఆయా బయటికొచ్చింది. మూడున్నరేళ్ల కూతుర్ని లాక్కొచ్చి టీచర్ ముందు కూలబడింది. ఎల్లమ్మ మాట ఎత్తలేదు. పెద్దోడికి పద్దెనిమిదో ఎక్కం దాకా వచ్చిందని మాత్రం అందరికీ వినబడేలా అన్నది. కానీ కూతురు పిడికిలి బిగించి ఏడుపు మొదలుపెట్టింది. తల్లి వేళ్లు విప్పబోతే ఇంకా బిగించింది. ఇలాంటి పిల్లలు ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లు ఏడ్చినా సరే నేను పిడికిలి పట్టుకుని గీతలు గీయించి, అయిందనిపించేదాన్ని.

ఆమె పసుపు కొమ్ము తన వేళ్లతో పట్టుకుని, చేయి చాచి బియ్యం మీద పెట్టింది. నువ్వే నా చెయ్యి పట్టుకుని రాయించమంది. నాకు రాదు, నేర్పమంది. పిల్ల ఏడుపు ఆపి చాలాసేపు ఆ చేతిని చూసింది. తర్వాత రెండు చేతులతో ఆమె మణికట్టు పట్టుకుంది. ఇద్దరూ కలిసి బియ్యంలో ఏదో గుండ్రంగా గీశారు. అ కాదు అది. ఏదీ కాదు. పిల్ల "ఇంకోసారి" అన్నది.

ఆ తర్వాత ఐదుగురు వచ్చారు. ఇద్దరు ఆటో నడిపేవాళ్లు, ఒక టైలరు, ఒక కూరగాయలామె, మా బడి వాచ్‌మన్. అర్జీ పెట్టిన గుమాస్తా తండ్రి చిన్నకొడుకుతో నా వరుసలోనే ఉన్నాడు. అంతా చూశాడు. కదల్లేదు. వంతు వచ్చాక వాడి చేయి నాకు అందించాడు. రాయించాను.

సాయంత్రం లెక్క తేలింది. నాకు ముప్ఫై ఒక్కరు, ఆమెకు ఆరుగురు. ఆరుగురికి సెక్షన్ నడపలేనని కరస్పాండెంట్ గారు మెల్లగా అన్నారు. ఆయనకూ కష్టంగానే ఉంది. ముప్ఫై ఒక్కరిని ఒక్కదాన్ని చూడలేనని, పద్దెనిమిది మందినే తీసుకుంటానని, మిగతా వాళ్లను ఆ ఆరుగురితో కలపమని చెప్పాను. నా చేత్తో రాసినవాళ్లను వేరేవాళ్లకు ఎట్లా ఇస్తారని, ఇన్నేళ్ల పద్ధతి అని ఆయన అడిగారు. అలాగైతే నేనూ ఏప్రిల్‌తో ఆపేస్తానన్నాను. మా ఆయన పెన్షన్ వస్తోంది కాబట్టి ఆ మాట అనగలిగాను. రాకపోతే అనేదాన్నో లేదో తెలియదు. ఆయన రెండు రోజులు ఆలోచించి, ఒప్పుకుని, తన చేత్తోనే రెండు జాబితాలు రాశారు.

ఆ సంగతి ఆమెకు మెట్ల మీద చెప్పాను. చీర సంగతి కూడా అప్పుడే చెప్పాను, నన్ను పిలిచిన రోజు సంతోషపడ్డానని. ఆమె రెయిలింగ్ పట్టుకుని ఆగింది.

"తెల్సు మేడం. ఆదివారం మీ మొకంల కనవడ్డది."

క్షమించానని గానీ, పరవాలేదని గానీ అనలేదు. కిందికి దిగి రోడ్డు దాటేదాకా మామూలు విషయాలే మాట్లాడుకున్నాం.

జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజు ఎల్‌కేజీ రెండో గదిలో పంతొమ్మిది మంది పిల్లలు. తొమ్మిదిన్నరకు ఒక తల్లి ఆఫీసుకు వచ్చింది. పంచమి నాడు తన కొడుకు నా పీట దగ్గర రాశాడు, వేరే గదిలో ఎందుకు కూర్చోబెట్టారని అడిగింది. గొంతు పెంచలేదు. తాము మంచి చెడు చూసుకునే మనుషులమని, ఎవరినీ ఒక మాట అనమని, పిల్లవాణ్ణి నా గదికి మారిస్తే చాలని అన్నది. కరస్పాండెంట్ గారు నా వైపు చూశారు. జాబితాలు ఆయన రాసినా, ఇది నేను తెచ్చిన పని.

"మార్చమమ్మా," అన్నాను.

ఎందుకని అడిగింది. ఆ గదిలో టీచర్ చిన్నపిల్లలకు నాకంటే ఓపిగ్గా చెప్తుందని, నా కొడుకైనా అక్కడే కూర్చోబెట్టేదాన్నని చెప్పాను. నాకు పిల్లలు లేరు. ఆమెకు ఆ సంగతి తెలుసు. నా మాట అక్కడ ఎంత తూగిందో నాకూ తెలుసు.

ఆమె రెండో గదికి వెళ్లి, కొడుకు చేయి పట్టుకుని, సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. పిల్లవాడు వెనక్కి చూస్తూ వెళ్లాడు. వాడికి ఆ గది నచ్చినట్టుంది. కరస్పాండెంట్ గారు జాబితాలో ఒక పేరు కొట్టేశారు. పద్దెనిమిది అయింది. ఇట్లా ఇంకెంతమంది పోతారో అన్నారు, నాతోనా, తనలో తానా తెలియలేదు. తెలియదన్నాను.

నేను నా గదికి వెళ్లేటప్పుడు రెండో గది తలుపు తెరిచే ఉంది. ఆమె నేల మీద కూర్చుంది. చుట్టూ పిల్లలు. ఒకడు ఆమె చేయి పట్టుకుని పలక మీద గీతలు గీయిస్తున్నాడు. ఆమె తప్పు చేసినట్టుంది, వాడు కోప్పడుతున్నాడు.